చిన్న సంతోషములు, సృజనశక్తి

(చిత్రకారులు కొండపల్లి శేషగిరిరావుగారి స్మృత్యర్థము తొర్రూరులో ఒక చిత్రకారుడు చేసిన ఉపన్యాసము)

కొండపల్లి శేషగిరిరావుగారి స్మృతికి అంకితమైన ఈ ప్రసంగమును చేయుటకు నన్ను పిలిచిన పెద్దలకు నేను కృతజ్ఞుడను. చిత్రకారునకు మాటకంటె గీత చేరువ. అయినను పెద్దలు అడిగినపుడు, తాను నమ్మినదానిని నలుగురిలో నిలిచి మాటలతో చెప్పుట కూడ అతని ధర్మమే.

చిత్రకారుని మనస్సు దేనివలన పోషింపబడును, క్రొత్త రూపము వానికి ఎచ్చటినుండి వచ్చును అనునది మీరు నాకిచ్చిన ప్రశ్న. కుంచె పట్టి జీవితమును గడపినవాడనగుటచే దీనికి నాకొక సమాధానము గలదు. దినదినము మన యెదుట జరుగుచున్న స్వల్పవిషయములను చూచి మనస్సు పొందెడి చిన్న చిన్న సంతోషములు ఏండ్ల తరబడి లోలోపల పేరుకొని, ఒకదానితో నొకటి కలిసి, ఒకనాడు రేఖగనో, రంగుగనో, పలుకుగనో, తాళముగనో వెలువడుటనే మనము సృజన యని పిలుచుచున్నాము. చిన్నవానియందు సంతోషింప నేర్వనివాడు గొప్పదానిని సృజింపలేడు. ఇంతియే నేను చెప్పదలచినది. దీనిని మన ప్రాంతపు కవులను, శిల్పులను, స్త్రీలను, పనివాండ్రను సాక్షులుగా పిలిచి నిరూపించుటకు ప్రయత్నింతును.

ముందుగా మనము స్మరింపవలసిన మహనీయుని గూర్చి రెండు మాటలు. శేషగిరిరావుగారు 1924లో పెనుగొండ గ్రామమున జన్మించిరి. కేసముద్రము మండలములోని ఆ గ్రామము 2016లో ఏర్పడిన మన మహబూబాబాదు జిల్లాలోనే యున్నది. వారు హైదరాబాదు చిత్రకళాశాలలో చదివి, కళాభిమానియైన మెహదీ నవాజ్ జంగు ప్రోత్సాహమున శాంతినికేతనమునకు వెళ్ళి, నందలాల్ బోసు సన్నిధిని అభ్యాసము చేసి, తిరిగివచ్చి హైదరాబాదులో బహుకాలము చిత్రకళాధ్యాపకులుగా నుండి, శకుంతల, దమయంతి మొదలైన కావ్యనాయికలకు తమ కుంచెతో రూపు కల్పించి, చిత్రకళను గూర్చి తెలుగులో వ్యాసములు రచించి, 2012లో కీర్తిశేషులైరి. చెరువులు, తాటివనములు, రాతిగుట్టలు గల యీ నేలమీద పుట్టిన బాలుడొకడు భారతీయ చిత్రకళయొక్క ప్రధానస్రోతస్సులో చేరుట యెట్లు సాధ్యమయ్యెనని యోచించినచో, వారి గురుపీఠము బోధించిన విద్య యెట్టిదో మనము తెలిసికొనవలెను.

నందలాలు శాంతినికేతనమున తన శిష్యులను గదులలో బంధింపలేదు. చెట్టును, పశువును, సంతాల గ్రామములలో పనిపాటలు చేసికొను జనులను చూచి చూచి, ఆ చూపును చేతికి అలవాటు చేయుట ఆయన బోధనలో ముఖ్యభాగము. 1938లో గుజరాతులోని హరిపురలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, సభాప్రాంగణమును అలంకరింపుమని గాంధీమహాత్ముడు కోరగా, ఆయన రాజులను గాని, యుద్ధములను గాని చిత్రింపక, వాద్యగాండ్రను, వడ్రంగులను, ఎద్దులను, ఇంటిపనిలో మునిగిన స్త్రీలను మట్టిరంగులతో త్వరిత రేఖలతో లిఖించి గ్రామీణుల కన్నుల యెదుట నిలిపెను. దేశమంతయు స్వాతంత్ర్యమను మహాకార్యమును తలపోయుచుండిన దినములలో, ఆ కార్యమునకు తగిన చిత్రములు నిత్యజీవితమునందే యున్నవని కనుగొన్న గురువు ఆయన. అట్టి గురువువద్ద నేర్చినవారగుటచేతనే శేషగిరిరావుగారికి కాళిదాసుని శకుంతలతో పాటు మన నకాషీ పటములును, కాకతీయుల శిల్పములును సమానముగ ప్రీతిపాత్రములైనవి.

ఇక చిన్న సంతోషమనగా నేమో కొంత వివరింపవలసియున్నది. సంతోషములన్నియు ఒక జాతివి కావు. ఒక వస్తువును సంపాదించి, దానిని నా సొంతము చేసికొని, పదిమందికి లేనిది నాకున్నదని పొందెడి సంతోషము ఒకటి. అది పొందిన మరునాటికే పలుచబడి, మఱియొక వస్తువును కోరును. చూచుటవలన, వినుటవలన, తాకుటవలన, చేయుటవలన కలిగెడి సంతోషము మఱియొకటి. దానికి స్వామిత్వముతో పనిలేదు. పొరుగువాని తోటలోని మామిడి పూతను చూచి పొందిన ఆనందమువలన ఆ తోటకు లోటు లేదు, పొరుగువానికి నష్టము లేదు, నాకు ఋణము లేదు. పైగా ఈ రెండవజాతి సంతోషము పంచుకొన్న కొలది పెరుగును. మన ఆలంకారికులు రసమును విచారించుచు, లౌకికమైన సుఖదుఃఖములు స్వార్థసంబంధమును విడిచినపుడే ఆస్వాదయోగ్యములగునని నిర్ణయించిరి. కావ్యమునకు వారు చెప్పిన ఆ ధర్మము మన వీథులకును, వాకిండ్లకును కూడ వర్తించునని నా విశ్వాసము.

తొర్రూరు పరిసరములలో ఒక సంవత్సరము కన్నులు తెరచికొని తిరిగినవానికి ఈ సంతోషములకు కొదువ లేదు. మాఘఫాల్గుణములలో కల్లములందు ఆరబోసిన మిరపపండ్ల యెఱుపు దినమున కొక విధముగ మారును. కోసిన నాటి తేటయెఱుపు క్రమక్రమముగ తేమను కోల్పోయి చిక్కనై, చివరకు నీడలో నలుపును, ఎండలో నిప్పును చూపును. నా రంగులపెట్టెలోని యెఱుపులను నేను అక్కడనే సరిచూచుకొంటిని. అదే ఋతువున చెలకల గట్లపై మోదుగు ఆకు రాల్చి పువ్వు తొడుగును. ఎండలు ముదిరినపుడు రేలచెట్టు పసుపుగుత్తులను వ్రేలాడదీయును. తాటిముంజలను కోసి బొటనవ్రేలితో పొడిచి జుఱ్ఱుకొను బాలుర ముఖములు, తొలకరివాన పడిన సాయంకాలమున దుక్కి వాసన, వానకాలమున నిప్పులపై కాలు మక్కకంకుల చిటపట, చలికాలపు వేకువ చాయదుకాణము ముందు రెండు చేతులతో గాజుగ్లాసును పట్టుకొని నిలుచున్న రైతు, పత్తి తీయు స్త్రీల నడుములకు కట్టిన ఒడుల తెలుపు, వీనిలో ఏ యొక్కటియు ధనముతో కొనదగినది కాదు, ఏ యొక్కటియు చిత్రమునకు చాలనిదియు కాదు.

ఇది నా స్వంత కల్పనము కాదనుటకు మన పొరుగుననే జన్మించిన ఇద్దరు మహాకవులు ప్రమాణము. పాలకుర్తిలో వెలసిన పాల్కురికి సోమనాథుడు, మార్గకవిత్వము రాజసభలలో వెలుగుచుండిన కాలమున, జనుల నోళ్ళలో నానిన ద్విపదను చేపట్టి బసవపురాణమును రచించెను. ఆ గ్రంథమున ఆయన కీర్తించిన భక్తులలో తండ్రి చెప్పిన మాటను నమ్మి గుడికి పాలు తీసికొనిపోయి, శివుడు త్రాగలేదని వలవల నేడ్చిన గొడగూచి యను బాలిక యున్నది. తల్లి లేని శివునకు తానే తల్లినై లాలింతునని, లింగమునకు నూనె యంటి, నలుగు పెట్టి, కాటుక దిద్ది, ఊయలలో నూపిన బెజ్జమహాదేవి యున్నది. బిడ్డకు స్నానము చేయించుట, పాలు త్రాగుమని బ్రతిమాలుట, ఇంతకంటె సామాన్యమైన గృహకృత్యములు లోకమున మఱి యేమున్నవి? సోమనాథుడు వానినే పరమభక్తికి పరాకాష్ఠలుగ నిలిపెను. పండితారాధ్యచరిత్రమునందు ఆయన తుమ్మెదపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు అని తన కాలపు జనులు పాడుకొను పాటల పేరులను శ్రద్ధతో పొందుపఱచెను. ఆ శ్రద్ధ లేకున్నచో ఏడువందల యేండ్లకు పూర్వము మన తాతముత్తాతలు వెన్నెలరాత్రులలో ఏమి పాడుకొనిరో మనకు తెలియుట దుర్ఘటము.

పాలకుర్తి మండలములోనిదే బమ్మెర గ్రామము. అది భాగవతమును తెలుగు చేసిన పోతనామాత్యునికి ఇంటిపేరుగ నిలిచినది. ఆ మహాకవి హలమును నమ్మి జీవించెననియు, కావ్యమును నరాంకితము చేయుటకు అంగీకరింపలేదనియు లోకము తరతరములుగ చెప్పుకొనుచున్నది. నన్ను ఆకర్షించునది ఆ నిరాకరణము వెనుకనున్న నిండుదనము. దశమస్కంధమున వెన్న దొంగిలించుట, మన్ను తిని తల్లియెదుట నోరు తెరచుట, రోటికి కట్టువడుట, చల్దులు కట్టుకొని తోడిబాలురతో ఆలమందలవెంట నడవిలోనికి పోయి నడుమ కూర్చుండి భుజించుట మొదలైన ఘట్టములను ఆయన యెంత ఆదరముతో వర్ణించెనో మీరెరుగుదురు. చల్దియన్నపు రుచి, ఊరగాయ ముక్కను వ్రేళ్ళ సందున ఇఱికించుకొను బాలుర ముచ్చట తెలిసిన కర్షకుడే ఆ ఘట్టమును అట్లు చూడగలడు. సింహాసనము ఇయ్యగల సుఖమునకు ఆశపడనివాడు లోభమును జయించెనని మనము మెచ్చుకొందుము. పొలముగట్టు ఇచ్చెడి సుఖము నిండుగ నున్నవానికి ఆ జయము సహజముగనే లభించునని నా కనిపించును.

కవులను విడిచి మన యిండ్లలోనికి వత్తము. సంక్రాంతికి ముందు దినములలో మన ప్రాంతమున సకినాలు చేయని యిల్లు అరుదు. బియ్యమును నానబోసి, పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు చేర్చి తడిపి, నేలపై తెల్లని గుడ్డ పఱచి, మొదట పిండితో గౌరమ్మను నిలిపి, చుట్టుప్రక్కల యిండ్ల స్త్రీలందఱును చేరి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని మెలిత్రిప్పుచు, ఒక చుట్టులోపల ఇంకొక చుట్టుగ తిప్పుకొనుచు పోవుదురు. వృత్తలేఖినితో పనిలేదు. మెలిక యెచ్చటను తెగదు, చుట్టుకును చుట్టుకును నడుమ సందు సమానముగ నుండును. ముచ్చటలు సాగుచుండగా, చూపు వేఱొకచోట నుండగా, వ్రేళ్ళు తమ పని తాము చేసికొనుచునే యుండును. చిత్రకళాశాలలో రేఖాభ్యాసము చేయు విద్యార్థికి ఏండ్లు పట్టు నేర్పు అది. ఆ తల్లులను కళాకారిణులని పిలిచినవారు లేరు. వారు ఆ పిలుపును కోరనులేదు. అయినను రేఖకు ప్రాణమెట్లు వచ్చునో నేర్వదలచిన యువకుడు మొదట ఆ గుడ్డప్రక్కన కూర్చుండి చూడవలెను.

బతుకమ్మ మాట చెప్పనక్కఱలేదు గాని, చిత్రకారుని కంటితో ఒకసారి చూపవలెనని నా యాశ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మతో ముగియు ఈ పండుగకు వలసిన సామగ్రి యెట్టిది? తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి, గుమ్మడిపువ్వు. వీనిలో సగము ఎవరును నాటినవి కావు, చెలకలలోను, గట్లమీదను, బాటప్రక్కలను తమంతట తాము పెరిగినవి. గునుగు వెండితెలుపు గల పువ్వు. దానిని కట్టలుగ కట్టి, కొసలను సమముగ కోసి, రంగునీళ్ళలో ముంచి, ఎఱుపు, ఆకుపచ్చ, ఊదా వరుసలను స్త్రీలే సృష్టింతురు. తాంబాళమున ఆకులు పఱచి, అడుగున వెడల్పుగను, పైకి పోవుకొలది సన్నముగను వలయములు పేర్చుచు, ఏ రంగు ప్రక్కన ఏ రంగు నిలుపవలెనో, ఎచ్చట తంగేటి పసుపుతో కన్నునకు విశ్రాంతి నీయవలెనో నిర్ణయింతురు. శిఖరమున గుమ్మడిపువ్వు, ప్రక్కన పసుపు గౌరమ్మ. సాయంకాలము చప్పట్లతో చుట్టుతిరిగి ఆడి పాడి, చెరువులో సాగనంపి, సద్దులు పంచుకొని యింటికి వత్తురు. పగలంతయు శ్రమించి నిర్మించిన కృతిని ఆ రాత్రికే నీటికి అప్పగించుటకు వారి మనస్సు వెనుదీయదు. కృతి నిలుచుటకంటె కృతి చేయుట ముఖ్యమను సత్యమును మన యాడపడుచులు ఏ గ్రంథమును చదువకయే ఆచరించుచున్నారు. సంతకము కొఱకును, బహుమానము కొఱకును తహతహలాడు మావంటివారికి అది ఏటేట జరుగు పాఠము.

చేతిపనియే వృత్తియైనవారి సంగతియు నిట్టిదే. జనగామ సమీపమున పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకును కాచి మెత్తబఱచి, లక్క పఱచిన పీటపై నమర్చి, ఉలితోను చిన్న సుత్తితోను వెనుకనుండి పొడిచి ముందువైపున రూపము ఉబికి వచ్చునట్లు చేయుదురు. దెబ్బ ఒక్కటి బలముగ పడినచో రేకు చినుగును, మెత్తగ పడినచో రూపము లేవదు. కాకతీయుల కాలమునుండి పరంపరగ వచ్చుచున్న ఆ విద్యలో ప్రతి దెబ్బయు ఒక నిర్ణయము. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదై, నేడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎఱ్ఱని భూమికపై కులపురాణములను వరుసగ లిఖింతురు. పద్మశాలీలకు మార్కండేయపురాణము, రజకులకు మడేలుపురాణము, ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పటము. కథ దేవతలది. పటములోని పాత్రల కట్టుబొట్టులు, కుండలు, పశువులు, చెట్లు మాత్రము పటమును చూచు జనులవి. తమ దినచర్య దేవతలనడుమ కనబడుటచేతనే ఆ జనులు రాత్రులు తెల్లవార్లు కూర్చుండి కథ వినిరి.

ఇంత చిన్నవానిని గూర్చి చెప్పుచుండగా, మహానిర్మాణముల మాట యేమని మీరడుగవచ్చును. పాలంపేటలోని రామప్పగుడి మన ప్రాంతమున మహానిర్మాణమనదగినది. గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆ రుద్రేశ్వరాలయమును 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించినది. నీటిలో తేలునంత తేలికయైన ఇటుకలతో విమానమును కట్టుట, ఇసుక నింపిన పునాదిపై భారమును నిలుపుట స్థపతుల మేధాశక్తికి నిదర్శనములు. అయినను ఆ గుడిలో నన్ను ఎక్కువసేపు నిలిపినవి నల్లరాతి మదనికల నగలనడుమ దారము దూరునంత సన్నగ తొలిచిన సందులు, మెడలోని హారము కదలికతో ఒరిగిన తీరు, ఒక వేటకత్తె కాలి పాదరక్ష. ఆ శిల్పి ఏనాడో ఏ బాటలోనో నడచిపోవుచున్న స్త్రీని చూచి సంతోషించి, ఆ నడకను మఱువక రాతిలోనికి తెచ్చియుండవలెను. ఆ భంగిమలు సజీవములగుటచేతనే ఏడు శతాబ్దముల పిదప నటరాజ రామకృష్ణగారు జాయపసేనాని నృత్తరత్నావళిని చదివి, ఈ గుడి గోడలను పరిశీలించి, పేరిణి నృత్యమునకు పునరుజ్జీవనము కలిగింపగలిగిరి. రాజాజ్ఞ గుడిని కట్టించినది నిజము. ప్రాణమును మాత్రము శిల్పి తన నిత్యదర్శనమునుండి తెచ్చెను.

కంటికి చెప్పినది చెవికిని చెల్లును. వరంగల్లులో జన్మించిన నేరెళ్ళ వేణుమాధవ్‌గారు ధ్వన్యనుకరణమును ఒక కళగ లోకముచే అంగీకరింపజేసిరి. మనమందఱము వినుచునే వినకుండ విడిచిపెట్టు శబ్దములను ఆయన చెవి పదిలపఱచుకొన్నది. జనగామ ప్రాంతమున మాణిక్యాపురమువాడైన చుక్క సత్తయ్య ఒగ్గుకథను పల్లెలనుండి దేశరాజధానివఱకు తీసికొనిపోయెను. మల్లన్నకథలో అత్తాకోడండ్ర మాటతీరు, కాపరి అదలింపు, పశువుల అంబారవము అచ్చముగ పల్కవలెనన్నచో, కథకుడు ఆ మాటలనడుమ, ఆ మందలనడుమ సంతోషముతో తిరిగినవాడై యుండవలెను.

ఇచ్చట ఒక గట్టి ఆక్షేపణము కలదు. ఉదయమునుండి రాత్రివఱకు కూలికి పోవువానికి, అప్పులతో క్రుంగిన రైతునకు మోదుగుపువ్వు నెఱుపు చూచి సంతోషింపుమని చెప్పుట హృదయము లేనివాని మాట కాదా యని. ఈ ప్రశ్నను నేను తేలికగ త్రోసివేయను. మన నేల దొరల గడీలను, వెట్టిచాకిరిని, కరవులను చూచినది. చిన్న సంతోషములు కష్టములకు మందు అని గాని, వానితో తృప్తిపడి అన్యాయమును సహింపుడని గాని నేను చెప్పుట లేదు. ఈ సంతోషములు గలవాడే అన్యాయమును గుర్తించి ఎదిరింపగలడని నా తాత్పర్యము. ఈ జిల్లాలోని చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజాము చెఱసాలలో నున్నపుడు, నిజామాబాదు జైలు గోడమీద, పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గుతో పద్యములు వ్రాసిరి. కాగితము లేదు, కలము లేదు, విడుదల యెప్పుడో తెలియదు. చేత నున్నది బొగ్గుముక్క. ఆ బొగ్గును చూచి ఇది గీయును గదా యని ఉప్పొంగిన ఆ క్షణమున సృజనశక్తి తన నిజరూపమును చూపినది. దారిద్ర్యమును, బంధనమును మనుష్యుని సంతోషమును హరించుటకే పుట్టినవి. సంతోషమును పోగొట్టుకొననివాడు వానికి పూర్తిగ లొంగలేదని అర్థము.

అట్లే మఱియొక మాట చెప్పక తప్పదు. చూచుటకు తీరిక కావలెను, తీరికకు కడుపునిండ అన్నము కావలెను. కనుక పని చేయువానికి న్యాయమైన కూలి, విశ్రాంతి, బాలలకు ఆటపాటలకు వేళ కల్పించుట కూడ కళాపోషణములో భాగమే. సన్మానములు, శాలువలు, బిరుదములు తరువాతివి. ఇత్తడిపని చేయు కుటుంబములోని కుమారుడు ఆ పనితో జీవింపలేక పట్నమునకు వలసపోయినచో, మనము కోల్పోవునది ఒక పనివానిని మాత్రమే కాదు. తరతరములుగ ఒక చేతినుండి ఇంకొక చేతికి వచ్చిన సంతోషము అంతటితో తెగిపోవును.

ఇక నా వృత్తిని గూర్చి యువచిత్రకారులకు కొన్ని మాటలు. బొమ్మ రాని దినములు ప్రతి చిత్రకారునకు వచ్చును. తెల్లకాగితమును ముందుంచుకొని, ఎవరును చేయని అద్భుతమును చేయవలెనని పట్టుదలతో కూర్చున్నంతకాలము చేయి కదలదు. అట్టి దినమున నేను కాగితమును మడిచిపెట్టి, ఇంటి వెనుకనున్న తొట్టిలోని నీటిని, గూటిలోని కుంపటిని, పందిరిపై ప్రాకిన బీరతీగను గీయుదును. ఏదో సాధింపవలెనను తొందర తొలగగానే చేయి తేలికపడును. ఆ తేలికతనముననే, వెదకుచున్నప్పుడు దొరకని రూపము తానే వచ్చి నిలుచును. విత్తనము నాటిన రైతు మట్టిని దినదినము త్రవ్వి మొలకను చూడబోడు, నీరు పోసి వేఱుపనిలో నుండును. చిత్రకారుని సహనమును అట్టిదే. నవ్యతను వెంటాడువాడు అలసిపోవును. ఒక వస్తువునందు నిజమైన మక్కువ గలవాడు దానిని వేయిసారులు గీసినను ప్రతిసారియు క్రొత్తదే కనుగొనును.

నేటి యువతీయువకుల చేతులలో ఫోనులున్నవి. వానిని నేను నిందింపను. మన పండుగలను, పంటలను దూరదేశముననున్న బంధువులకు క్షణములో చూపగల సాధనమది. కాని ఫోటో తీసిన వెంటనే, చూచుట ముగిసినదని మనస్సు భ్రమపడును. ఒక తంగేటికొమ్మను ఫోటో తీయుటకు రెప్పపాటు చాలును. దానిని పెన్సిలుతో గీయబూనినచో, రేకులు ఐదని, వాని అంచులు ముడతలువడి యుండునని, కేసరములు అన్నియు ఒకే పొడవు కావని, మొగ్గలు కొమ్మకొసకు పోవుకొలది చిన్నవగునని, ఆకులు జంటజంటలుగ నమరియుండునని ఒక్కొక్కటిగ తెలిసివచ్చును. గీసిన బొమ్మ బాగుగ లేకపోవచ్చును. ఆ కొమ్మ మాత్రము జీవితాంతము మీదియగును. కాబట్టి ఫోటో తీయుడు, పిదప కూర్చుండి గీయుడు.

పల్లెకు కట్టువడినచో ప్రపంచము దూరమగునేమోయను శంకయు అక్కఱలేదు. కరీంనగరు ప్రాంతపు బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠముగారు బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద చదివి వచ్చిన పిదప, తమ తల్లిని, ఊరి స్త్రీలను, వారి నుదుటి పెద్ద కుంకుమబొట్టును, పసుపు పూసిన దేహచ్ఛాయను, నేతచీరల అంచులను తమ చిత్రములకు వస్తువులుగ గ్రహించిరి. ఆ తెలంగాణ స్త్రీని నేడు దేశదేశముల చిత్రశాలలు గుర్తుపట్టును. సిద్దిపేటలో జీవించిన కాపు రాజయ్యగారు బోనాలను, బతుకమ్మను చిత్రించి ఆ ఊరిపేరును దేశమంతట వినిపించిరి. గుంటూరు ప్రాంతపు తుమ్మపూడిలో 1914లో పుట్టి 1999లో కన్నుమూసిన సంజీవదేవ్‌గారు, హిమాలయములవఱకు పర్యటించి నికొలాస్ రోరిక్‌తో స్నేహము చేసి వచ్చి, తమ పల్లెలోనే యుండి, చిత్రములు వేయుచు, లేఖలు వ్రాయుచు, ఆకాశమును, మేఘములను, మిత్రులను గూర్చిన సంతోషమును జీవితాంతము అందఱికిని పంచిరి. ఊరిని లోతుగ చూచినవానికి లోకమే ఎదురువచ్చును.

తొర్రూరు పెద్దలకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ముగింపుగ నా విన్నపము. ప్రతి బడిలోను వారమునకొక గంట చిత్రలేఖనమునకు విడువుడు. ఆ గంటలో మార్కులు వలదు, పోటీలు వలదు, అచ్చుబొమ్మను చూచి వ్రాయించుట అసలే వలదు. పిల్లలను బడి ఆవరణలోని చెట్టుక్రిందికి తీసికొనిపోయి, కనబడినదానిని గీయనిండు. ఏడాదికొకమారు వారిని పాలంపేటకు, పెంబర్తికి, చేర్యాలకు, బమ్మెరకు, పాలకుర్తికి తీసికొనిపోయి, శిల్పమును చూపుడు, పని చేయుచున్న చేతులను చూపుడు. మీ యింట శుభకార్యమునకు కానుక కొనవలసివచ్చినపుడు పెంబర్తి ఇత్తడివస్తువునో, నకాషీ పటమునో కొని, దానిని చేసినవాని పేరును బిడ్డలకు చెప్పుడు. సకినాలు చుట్టునపుడు ఆడపిల్లలతోపాటు మగపిల్లలను కూడ ఆ గుడ్డచుట్టు కూర్చుండబెట్టుడు. తల్లులారా, మీ బిడ్డ గోడమీద బొగ్గుతో గీసినపుడు అదలింపకుడు, ఒక నోటుపుస్తకమును, ఒక పెన్సిలును చేతికిండు. పెనుగొండలో పుట్టిన ఒక బాలునకు చూచుటయందు సంతోషము కలుగుటచేతను, ఆ సంతోషమును గుర్తించి ఆదరించిన పెద్దలు దొరకుటచేతను మనకొక మహాచిత్రకారుడు లభించెను. అట్టి బాలురు, బాలికలు ఈ పట్టణమున నేడును ఉన్నారు. వారిని గుర్తించి ఆదరించుటయే శేషగిరిరావుగారికి తొర్రూరు కట్టగల సరియైన స్మారకము.